అటక మీది వల

వడియాలు పెట్టిన పాత చీర మీద పొద్దున్నే నల్లటి పోగులు కనిపించేవి. వేలితో తీయబోతే పొడయిపోయేవి. సరుగుడు ఆకు కాలితే అంతే, వెంట్రుక ముక్కలా తేలిపోతూ ఎంత దూరమైనా వస్తుంది. ఒక్కొక్కటే ఏరాను. ఏరి ఏరి, ఇక లాభం లేదని వడియాలన్నీ తీసి పారబోశాను.

“బూడిదే కదమ్మా ప్రిస్కిల్లా, తింటే చస్తామా?” అన్నారు మా అత్తగారు దీనమ్మ గారు.

“చావం అత్తయ్యా. కానీ తినలేం.”

“నీ శుభ్రంతోనే చచ్చేలా ఉన్నాం.”

ఆ ఏప్రిల్‌లో మాకు మంట కంటే ముందు బూడిద వచ్చింది. మా పాలెం నరసాపురానికి దిగువన ఉంటుంది. మాకూ సముద్రానికీ మధ్య సరుగుడు తోటలు. తుఫాను గాలిని ఆపుతాయని ఎప్పుడో వేసిన చెట్లు. వాటి కింద రాలిన ఆకు పరుపులా పేరుకుని ఉంటుంది, నడిస్తే కాలు దిగుతుంది. ఆ ఏడు సంక్రాంతి దాటాక చినుకు పడలేదు. పడమటి పక్కన ఎక్కడో అంటుకుంది. ఎవరు అంటించారన్నదానికి వీధికొక కథ ఉంది గానీ నిజం ఇప్పటికీ తేలలేదు. ఫైరింజను వచ్చి ఇసకలో దిగబడేది. మనుషులు పచ్చి కొమ్మలు పట్టుకుని కొట్టేవారు. ఆరిపోయిందనుకుంటే, ఆకు కింద నుంచే పాకి ఇంకో చోట లేచేది.

అవి సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డుకు లాగేశారు. వలలు బాగుచేసుకోవడానికి ఇళ్ళకు తెచ్చుకున్నారు. మా పక్కింటి చిట్టియ్య బాబాయ్ అరుగంతా వలే. పాత వల సముద్రంలో పోతే, రెండేళ్ళు ఇంకొకరి పడవలో కూలికెళ్ళి మరీ కట్టుకున్న కొత్త వల అది. ఆయన భార్య మరిడమ్మ పిన్నీ మా అత్తగారూ ఒకే నెలలో ఆ వీధికి కాపురానికి వచ్చారట. అప్పటి నుంచి ప్రహరీ గోడకు ఇటొకరూ అటొకరూ నిలబడి తిట్టుకోకుండా వాళ్ళిద్దరికీ పొద్దు గడిచేది కాదు.

“ఒసేయ్ దీనా, నీ కోడలు నా వలని చూసి ముక్కు మూసుకుంటోందే.”

“మూసుకోక? మీ అరుగు మీంచి వచ్చే వాసనకి మా పిల్లి కూడా ఊరొదిలి పోయింది.”

“ఆ వాసనేగా రోజూ నీ కూరలో ఉడికేది!”

నేను డిగ్రీ చదివి ఆ వీధిలోకి వచ్చినదాన్ని. మొదట్లో ఈ మాటలు విని వాళ్ళిద్దరికీ పడదనుకున్నాను. ఇంట్లో బెల్లం అయిపోతే మా అత్తగారు అడక్కుండానే వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చుకుంటారని తెలిశాక నా అభిప్రాయం మార్చుకున్నాను.

*

సముద్రపు గాలి ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి పెద్దదయింది. తోట మీద పొగ అంతవరకూ నిలువుగా లేచేది. అది మా వైపు వాలింది. కాసేపటికి వీఆర్వో గారు ఆటోలో మైకు పెట్టుకుని వచ్చారు. “అందరూ వెంటనే ఇళ్ళు ఖాళీ చెయ్యాలి. బస్సులు వస్తున్నాయి. దయచేసి ఆలస్యం చెయ్యకండి.”

మా అత్తగారు పమిట బొడ్లో దోపుకుని వీధి మధ్యకు వెళ్ళి నిలబడ్డారు.

తొంభై ఆరు తుఫానులో ఆవిడ మాట విని సామాను అటకెక్కించిన వాళ్ళకు బియ్యమూ బట్టలూ మిగిలాయి. విననివాళ్ళకు ఏమీ మిగల్లేదు. ఆ తరవాత వచ్చిన ప్రతి తుఫానుకీ ఆవిడ అలా వచ్చి నిలబడేవారు. వీధంతా ఆవిడ చెప్పినట్టు కదిలేది. ఆఫీసర్లు చెబితే వాదించే మగవాళ్ళు కూడా ఆవిడ చెబితే నిచ్చెన తెచ్చేవారు.

“పెట్టెలు అటకెక్కించండి! బియ్యం డబ్బాలు కూడా. కిటికీలు మూసి గొళ్ళేలు పెట్టండి. మరిడీ, ఆ బట్టల మూట నేల మీద వదిలెయ్యకే, పైకి అందించు!”

చిట్టియ్య బాబాయ్ అరుగు మీద వల పక్కన నిలబడి తల గోక్కున్నారు. “వదినా, మరి దీన్నేం చెయ్యమంటావు? ఇక్కడి నుంచి లాక్కెళ్ళి ఆ మెరక మీద ఇసకలో పారేద్దామనుకుంటున్నా.”

“ఇసకలోనా? నీళ్ళొస్తే?”

“ఆయ్, అదీ నిజమే,” అన్నారాయన.

ఆ మాటలో తప్పుందని ఆయనకు తోచలేదు. వింటున్న పదిమందిలో ఎవరికీ తోచలేదు. మా వారు రమేష్ బాబూ, చిట్టియ్య బాబాయీ, ఇంకో ఇద్దరూ కలిసి ఆ బరువంతా వాళ్ళ పెంకుటింటి అటక మీదికి ఎక్కించారు. ఎక్కించి, జారకుండా తాడుతో కట్టారు కూడా. నేను ఇంట్లోకి పరిగెత్తి సంచిలో టార్చిలైటు, అటుకులు, బెల్లం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు సర్దాను. మంటకు భయపడి పారిపోతూ అగ్గిపెట్టెలు సర్దుకున్నానని బస్సెక్కాక తెలిసింది.

తుఫాను షెల్టరు తోటకు అవతల, సముద్రం ఒడ్డున ఉంది. ఆ దారంతా పొగ. అందుకని మమ్మల్ని నరసాపురంలో ఒక ఫంక్షన్ హాలుకు తీసుకెళ్ళారు. ముందటి రోజు ఏదో పెళ్ళి అయినట్టుంది. స్టేజీ మీద ఎర్ర మఖ్మలు సోఫాలు, వెనక గోడకు థర్మోకోల్ హంసలు అలాగే ఉన్నాయి. వీధి వీధంతా చీరలు పరిచి హద్దులు పెట్టుకున్నాం. మా అత్తగారు ముసలివాళ్ళను స్టేజీ మీదికి, పసిపిల్లల తల్లుల్ని ఫ్యాన్ల కిందికి పంపారు. పులిహోర పొట్లాలు వస్తే వరస పెట్టించి పంచారు.

“నువ్వు కలెక్టరువి కావాల్సిందే దీనా,” అంది మరిడమ్మ పిన్ని. “ఆ సోఫాలో కూర్చో. అక్షింతలేస్తాం.”

“పెళ్ళికొడుకేడే?”

“వాణ్ణి నువ్వు అటకెక్కించి మరిచిపోయుంటావు.”

హాలంతా నవ్వింది. ఇల్లు వదిలి వచ్చిన మొదటి సాయంత్రం మేమంతా అలా నవ్వాం.

*

ఊళ్ళోకి వెళ్ళి చూసి రావచ్చని చెప్పిన రోజున పొగకు ఆయాసం వస్తోందని అత్తయ్య హాల్లోనే ఉండిపోయారు. నేనూ మా వారూ చిట్టియ్య బాబాయీ మరిడమ్మ పిన్నీ కలిసి వెళ్ళాం.

నేను అంతా బూడిద కుప్పగా ఉంటుందనుకున్నాను. అలా లేదు. తోట చివర గట్టు దగ్గరే నిప్పును ఆపగలిగారు. గాలికి లేచిన రవ్వలు మాత్రం కప్పుల మీద వాలాయి. తాటాకు ఇళ్ళు పూర్తిగా పోయాయి. పెంకుటిళ్ళలో రవ్వలు పెంకుల సందుల్లోంచి దూరి వాసాలకూ అటకలకూ అంటుకున్నాయి. మా ఇంటి గోడలు నాలుగూ నిలబడే ఉన్నాయి. తల ఎత్తితే ఆకాశం. వంటింట్లో నేల మీద ఇత్తడి బిందె నీళ్ళతో సహా అలాగే ఉంది. మూల కత్తిపీట ఉంది. మంచం కింద నేను వదిలేసిన పాత చెప్పులు కూడా ఉన్నాయి, దుమ్ము పట్టి. అటక ఎక్కించినవి మాత్రం, చీరలు, బియ్యం, దుప్పట్లు, నా పెళ్ళి ఫోటోల ఆల్బమ్, ఒక్కటీ లేదు.

పక్కింట్లో చిట్టియ్య బాబాయ్ నల్లటి ముద్ద ఒకదాని ముందు నిలబడి ఉన్నారు. నైలాన్ కరిగి, దానిలో సీసపు గుళ్ళు కరిగి, చల్లారి రాయిలా బిగుసుకుపోయింది. ఆయన కాలి బొటనవేలితో దాన్ని ఒకసారి తోసి చూశారు. కదల్లేదు.

ఇంటి ముందు మెరక మీద ఇసక తెల్లగా, శుభ్రంగా ఉంది. నలుగురం దాని వైపు చూశాం. ఒకరినొకరం చూసుకోలేదు.

మేం తిరిగి వచ్చేసరికి హాలు మెట్ల దగ్గరే అత్తయ్య ఎదురొచ్చారు.

“అటక?” అన్నారు.

“లేదత్తయ్యా.”

“మరిడి వాళ్ళ వల?”

“పోయింది.”

“కింద పెట్టినవి?”

నాకు అబద్ధం చక్కగా చెప్పడం రాదు. “ఉన్నాయండీ,” అన్నాను.

ఆవిడ పమిట కొంగు తీసి మడత పెట్టారు. విప్పి మళ్ళీ మడత పెట్టారు. “నీళ్ళు కింద నుంచి వస్తాయి,” అన్నారు చివరికి. “ఇది పై నుంచి వచ్చింది.”

ఆ మాట నాతో అన్నట్టు లేదు.

*

వీధిలో ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. నా కష్టమంతా అక్కడే మొదలయింది.

భోజనాల వరసలో ఆవిడ కనిపిస్తే జరిగి చోటిచ్చేవారు. ఎదురుపడితే “మీరు ముందు వెళ్ళండమ్మా” అనేవారు. మరిడమ్మ పిన్ని అయితే ఆవిడ ఎదురుగా ఉండగానే నన్ను అడిగేది, “దీనమ్మ గారు కాఫీ తాగారామ్మా?” అని. చిట్టియ్య బాబాయ్ ఎప్పుడూ వదినా అనే మనిషి, “వదిన గారూ” అని ఆగిపోయేవారు. చుట్టాలింట చావుకు వెళ్ళినప్పుడు మాట్లాడతారు చూడండి, అంత మర్యాద.

అత్తయ్య స్టేజీ వెనక థర్మోకోల్ హంసల పక్కకు చేరారు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదనేవారు. నేను పళ్ళెంలో పెట్టి తీసుకెళితే రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవారు. ఉదయం ప్రార్థనలో ఎప్పుడూ ముందు పాట ఎత్తుకునే గొంతు, అదీ లేదు. ఒక సాయంత్రం కొవ్వూరులో ఉన్న తమ్ముడు ఐజాక్ గారికి ఫోన్ చేయడం విన్నాను.

“వచ్చే శనివారం వచ్చి నన్ను తీసుకెళ్ళరా... లేదు, కొన్నాళ్ళకి కాదు. మీ వెనక గది ఖాళీయే కదా. ఇక అక్కడే ఉంటాను.”

మా వారికి కోపం వచ్చింది. “అమ్మా, నిన్నెవరు ఏమన్నారని?”

“ఎవరూ ఏమీ అనలేదురా. అందుకే వెళ్ళిపోతున్నా.”

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆవిడ వెళితే పండక్కి కూడా ఆ వీధిలో అడుగు పెట్టరని తెలుసు. ఇంటి కప్పు ఎలాగో వేసుకుంటాం. ఆవిడ లేకుండా ఆ కప్పు కింద, ఆ గోడ పక్కన, ఆ ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించుకుంటే నాకు నచ్చలేదు. నా శుభ్రాన్ని ఎవరు వెక్కిరిస్తారు?

కుళాయి దగ్గర మరిడమ్మ పిన్నిని పట్టుకున్నాను. “పిన్నీ, మా అత్తయ్యతో ఒకసారి మాట్లాడండి.”

“మాట్లాడుతూనే ఉన్నాగా తల్లీ. రోజూ పలకరిస్తున్నా.”

“అలా కాదు పిన్నీ. ఎప్పుడూ మాట్లాడినట్టు.”

ఆమె బిందె కింద పెట్టింది. “ఎప్పుడూ మాట్లాడినట్టు మాట్లాడితే నా నోట్లోంచి ఏమొస్తుందో నీకు తెలుసా? నేను నోరు తెరిస్తే మూసుకోలేను. అది అసలే తిండి మానేసి కూర్చుంది. నా మాటకి అదేమన్నా అయితే?” బిందె మళ్ళీ చంకనెత్తుకుంది. “నిషేధం అయిపోతే పడవలన్నీ వెళతాయి. నా మొగుడు ఒడ్డున కూర్చుంటాడు. అది తల్చుకున్నప్పుడల్లా నాలిక దురద పెడుతోంది. కొరుక్కుని తిరుగుతున్నా.”

*

వేసవి పెళ్ళిళ్ళ రోజులు కావడంతో హాలు ముందే ఎవరికో బుక్కయి ఉందట. బట్టల వ్యాపారం చేసే జోగేశ్వరరావు గారి అమ్మాయి పెళ్ళి. మమ్మల్ని ఏదో స్కూలుకు మారుస్తామని అధికారులు అంటుంటే ఆయనే వచ్చారు, బంగారు రంగు కళ్ళజోడు, చంకలో శుభలేఖల సంచి.

“ఎక్కడికీ మార్చొద్దండి. కింద మా పెళ్ళి చేసుకుంటాం, వీళ్ళు ఆ రెండు రోజులూ పైన డైనింగ్ హాల్లో ఉంటారు. భోజనం మాతోనే. పెళ్ళి జరిగే చోట జనాన్ని బయటికి పంపితే మా ఆవిడ నన్ను బయటికి పంపుతుంది,” అన్నారు.

అలా పిలవని పెళ్ళికి ఊరంతా వెళ్ళాం. పొగ వాసన వదలని చీరల్లోనే తలలు దువ్వుకుని, కింద నుంచి వచ్చే సన్నాయి వింటూ, వంటవాళ్ళ పక్కన చేరి పనస పొట్టు కొట్టాం, గుమ్మడికాయలు తరిగాం. ముక్కలు ఒకే సైజులో రావడం లేదని నేను ఒకరిద్దరి చేత మళ్ళీ తరిగించాను కూడా. మధ్యాహ్నం అరిటాకులు పరిచారు. అత్తయ్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెట్టాను. ఎదురు వరసలో సరిగ్గా ఆవిడ ఎదురుగా మరిడమ్మ పిన్ని ఉంది. అది నేను చూసే కూర్చోబెట్టాను.

బూరెలు వచ్చాయి. పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు వచ్చాయి. మరిడమ్మ పిన్ని ఆకులో కూరను వేలితో ఇటూ అటూ జరిపి నిట్టూర్చింది. “అన్నీ ఉన్నాయి. చేప ముక్క ఒక్కటే లేదు.”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అత్తయ్య తల దించుకుని, ఎవరికో దరఖాస్తు పెట్టుకున్నట్టు అన్నారు, “అంతా నా మూలంగానే జరిగింది. నన్ను క్షమించండి మరిడమ్మ గారూ.”

మరిడమ్మ పిన్ని చేతిలో ముద్ద ఆగింది.

“ఏంటీ? గారా?” ఆమె గొంతు డైనింగ్ హాలు ఆ చివరి దాకా వెళ్ళింది. “ఒసేయ్ దీనా! నా వలని మసి చేసింది చాలక నన్ను గారు అంటావా?”

“నువ్వనలేదా? వారం నుంచీ దీనమ్మ గారు తిన్నారా, దీనమ్మ గారు తాగారా అని—”

“అన్నాను. నోరు కట్టేసుకుని అన్నాను! ఏం చెయ్యమంటావే మరి? ఇసకలో పారేస్తానన్నాడు నా మొగుడు. నీళ్ళొస్తే అన్నావు! నిప్పు నెత్తి మీదికొస్తుంటే నీళ్ళేంటే, ముసలిదానా?”

వరసలు వరసలు తినడం ఆపేశాయి. సాంబారు బకెట్టు పట్టుకున్న అబ్బాయి ఎక్కడివాడక్కడ నిలబడిపోయాడు. నేను సగం లేచాను. అప్పుడు అత్తయ్య ముఖం చూశాను. ఆయాసంతో ఉన్న మనిషికి ఒక్కసారి ఊపిరి ఆడితే ఎలా ఉంటుందో అలా ఉంది. మళ్ళీ కూర్చున్నాను.

“నేను చెప్పాననుకో, నీ మొగుడికి బుర్ర లేదా?” అన్నారావిడ. గొంతు ఇంకా సరిగ్గా రాలేదు గానీ వచ్చింది. “అరవయ్యేళ్ళొచ్చాయి. నేను దూకమంటే గోదాట్లో దూకుతాడా?”

“మధ్యలో నన్నెందుకు లాగుతారండీ బాబూ,” అన్నారు మగవాళ్ళ వరసలోంచి చిట్టియ్య బాబాయ్.

“నువ్వూరుకో,” అన్నారిద్దరూ.

ఈసారి నవ్వు ఆగలేదు. మరిడమ్మ పిన్ని మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుంటూ అంది, “నా వల నాకు కావాలే. అందరి పడవలూ వెళుతుంటే నేను చూడలేను.”

“మత్స్యశాఖ వాళ్ళు ఇచ్చారు కదే కొత్తది.”

“ఉత్త వల ఇచ్చారు, చీరల మూటలా మడిచి. దానికి తాళ్ళెవడు కట్టాలి? బెండ్లెవడు కట్టాలి? గుళ్ళెవడు కట్టాలి? నలుగురు మగాళ్ళు కూర్చోవాలి. ఈ వీధిలో ప్రతివాడి వలా పోయె. ఎవడి ఏడుపు వాడిది.”

“తెచ్చి నా ముందు పడెయ్. నేను కడతా.”

“నువ్వా? నీకొచ్చింది లేసు అల్లడం. నీ అల్లిక చూస్తే చేపలు నవ్వుకుంటూ పోతాయి.”

“పోతే నీ మొహం చూసి పోవాలి. నా అల్లిక్కి పోవు.”

మరిడమ్మ పిన్ని తన ఆకులోంచి ఒక బూరె తీసి, వరస దాటి చెయ్యి చాచి, మా అత్తగారి ఆకులో వేసింది. “ముందు తిని చావు. నువ్వు తినట్లేదని నీ కోడలు కుళాయి దగ్గర నా ప్రాణం తీస్తోంది.”

అత్తయ్య ఆ బూరె తిన్నారు. తరవాత నా ఆకులోది కూడా తిన్నారు.

*

మర్నాడు హాలు పక్క సందులో చింతచెట్టు నీడన వల పరిచారు. కొత్త నైలాన్ వల, లేత నీలం రంగు, ఎక్కడా ముడి లేకుండా మెత్తగా. చిట్టియ్య బాబాయ్ రెండు తాళ్ళు కట్టి చూపించారు. పై తాడుకు బెండ్లు, అది తేలాలి. అడుగు తాడుకు సీసపు గుళ్ళు, అది మునగాలి. మధ్యలో వల నీళ్ళలో గోడలా నిలబడాలి. “బిగిస్తే చేప గుద్దుకుని వెళ్ళిపోద్ది. వదిలేస్తే చుట్టుకుపోద్ది. అంతేనండి, పెద్ద విద్యేం కాదు,” అన్నారు.

పెద్ద విద్యే. లేసు దారం చెప్పినట్టు వింటుంది. నైలాన్ వినదు. అత్తయ్య వేసిన మొదటి ముళ్ళన్నీ లాగగానే జారిపోయాయి. మరిడమ్మ పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రానికి అత్తయ్య ముడి వేసే పద్ధతి మార్చారు, లేసులో గొలుసు పూర్తయ్యాక దారం వెనక్కి తిప్పి బిగించినట్టు. అది జారలేదు. చిట్టియ్య బాబాయ్ లాగి చూసి, పళ్ళతో కూడా లాగి చూసి, వల సూది ఆవిడకే ఇచ్చేశారు. లేసు అల్లే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. ఈ వల అయితే తరవాతిది వాళ్ళది అని మాట.

నాకు మిగతావాళ్ళంత వేగం లేదు. చూడటం మాత్రం వచ్చు. బెండుకూ బెండుకూ మధ్య మూరెడు ఉండాలన్నారు. అత్తయ్య మూర వేరు, పిన్ని మూర వేరు. నేను కొబ్బరి ఈనె ఒకటి కోసి తెచ్చి, “ఎవరి చెయ్యీ వద్దు, దీన్ని పెట్టి కట్టండి,” అన్నాను. అప్పటికి కట్టిన వాటిలో తేడా ఉన్నవన్నీ విప్పించాను.

“ఒసేయ్ దీనా, నీ కోడలు చేపలకి కూడా పరీక్ష పెట్టేలా ఉందే.”

“నేను పడట్లేదా ఇన్నేళ్ళ నుంచీ? నువ్వు ఒక్క వలకి పడలేవా?”

శనివారం ఐజాక్ గారు కారు వేసుకుని కొవ్వూరు నుంచి వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. అక్క కోసం కారు వెనక సీటులో దిండు కూడా వేయించుకొచ్చారు. సందులోకి వచ్చి, వల మధ్యలో కూర్చుని ఉన్న అక్కను చూసి, నేరుగా ఆవిడ దగ్గరకు వెళ్ళబోయారు.

“దాటకు!” అని చిట్టియ్య బాబాయీ మరిడమ్మ పిన్నీ ఒకేసారి అరిచారు.

ఆయన ఒక కాలు గాల్లో పెట్టుకుని ఆగిపోయారు.

“వలని దాటకూడదండి, చేప పడదు,” అన్నారు చిట్టియ్య బాబాయ్ వినయంగా. “చుట్టు తిరిగి రండి.”

“అక్కా, సామాను సర్దావా?”

“చుట్టు తిరిగి రారా. వచ్చి ఆ తాడు కొస పట్టుకో. బిగించి పట్టేవాడు లేక ఇందాకట్నుంచీ అవస్థ పడుతున్నాం.”

“నేను నిన్ను తీసుకెళ్దామని వచ్చాను...”

“తీసుకెళ్దువు గానిలే. ముందు పట్టుకో.”

ఆయన చెప్పులు విప్పి, చొక్కా చేతులు మడిచి తాడు పట్టుకున్నారు. కాసేపటికి పట్టుకోవడం విసుగొచ్చి, నేనూ కడతానన్నారు. సాయంత్రం అరచేతులు ఎర్రగా కందిపోయి, తాడుకు పూసిన తారు చొక్కాకు అంటుకుని, కారు తలుపు తీసి నిలబడ్డారు.

“అక్కా, ఇంతకీ వస్తున్నావా, లేదా?”

అత్తయ్య తల ఎత్తలేదు. “ఇంకా సగం కూడా అవలేదు కదరా.”

“అయ్యాక వస్తావా?”

“అయ్యాక నా రెండో వల కట్టాలండి,” అంది మరిడమ్మ పిన్ని.

“నీకు రెండో వల ఎక్కడిదే?”

“కొంటాం. కట్టడానికి నువ్వున్నావుగా.”

ఐజాక్ గారు నా వైపు చూశారు. నేను వల వైపు చూశాను. నిజంగానే సగం అవలేదు. ఆయన దిండు తీసి నా చేతికిచ్చి, “ఇది ఇక్కడే ఉంచమ్మా, నేల మీద కూర్చుంటే అక్కకి నడుం నొప్పి,” అని కారెక్కారు.

*

నిషేధం అయిపోయిన రోజుకు మా వీధిలో ఇంకా ఒక్క ఇంటికీ కప్పు పడలేదు. నీలం పట్టాలు కట్టుకుని ఉన్నాం. వాన వచ్చిన రోజున కూలబడి నవ్వుకోవడం, ఎండ వచ్చిన రోజున ఇటుకలు మోసుకోవడం. అయినా అందరం మా చోట్ల మేముండి అన్నాలు వండుకుంటున్నాం. గోడకు ఇటూ అటూ తిట్లు మొదలై చాలా రోజులైంది. మా వీధికి నాలుగు వలలు తయారయ్యాయి. మొదటిది చిట్టియ్య బాబాయ్‌ది.

తెల్లారుతుండగా ఒడ్డుకు వెళ్ళాం. అత్తయ్య ఎప్పుడూ ఒడ్డుకు రారు, ఆ రోజు వచ్చారు. వలను ఇసక మీది నుంచి పడవలోకి అందరం చేతులు మార్చుకుంటూ ఎక్కిస్తున్నాం. బెండ్లు నా చేతుల్లోంచి ఒకదాని వెనక ఒకటి వెళుతున్నాయి. అన్నీ సమానంగా, ఈనె పెట్టి కొలిచినట్టే. ఒక్కచోట మాత్రం మూడు బెండ్లు దగ్గర దగ్గరగా, బిగుసుకుని ఉన్నాయి. నా చెయ్యి ఆగింది. అది ఐజాక్ గారు కట్టిన చోటు. ఇన్ని రోజులూ నా కంట ఎలా పడలేదో తెలియదు.

పక్కన అత్తయ్య కూడా ఆగారు. ఆవిడా అక్కడే చూస్తున్నారు.

“విప్పమంటావా?” అన్నారు మెల్లగా. ఆవిడ అడిగింది వెక్కిరింపుగా కాదు.

పడవలో చిట్టియ్య బాబాయ్ చెయ్యి చాచి ఎదురు చూస్తున్నారు. వెనక ఇంజన్లు మోగుతున్నాయి.

“వద్దత్తయ్యా. వెళ్ళనివ్వండి,” అన్నాను.

“ఏంటే, అత్తాకోడళ్ళు గుసగుసలు?” అంది మరిడమ్మ పిన్ని, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి.

“ఏం లేదే. నీ వల బాగుందంటోంది నా కోడలు.”

“అబద్ధం! అది దేన్నైనా బాగుందని ఎప్పుడన్నా అందా?”

“బాగుంది పిన్నీ,” అన్నాను. ఆ మూడు బెండ్లూ నా చేతులు దాటి పడవలోకి వెళ్ళిపోయాయి.